టెక్సస్ అధ్యక్ష ప్రాథమిక ఎన్నికలు, 2008

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సస్ రాష్ట్రంలో 2008 మార్చి 4న డెమొక్రటిక్, రిపబ్లికన్ పార్టీల అధ్యక్ష ప్రాథమిక ఎన్నికలు జరిగాయి. ప్రైమరీలు అని పిలువబడే ఈ ఎన్నికలలో ముందస్తు ఓటింగు ఫిబ్రవరి 19 నుండి 29 వరకు సాగింది. డెమొక్రటిక్ ప్రైమరీలో 28,74,986 మంది ఓటు వేశారు. రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేసినవారు సుమారు 13.62 లక్షలు, అనగా అందులో సగం కంటె తక్కువ. అయినప్పటికీ అదే సంవత్సరం నవంబరులో జరిగిన సార్వత్రిక ఎన్నికలో టెక్సస్‌ను గెలుచుకున్నది రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్. ప్రైమరీలో ఏ పార్టీకి ఎందరు ఓటర్లు వచ్చారన్న లెక్క దేనిని తెలుపుతుంది, దేనిని తెలుపదు అన్న విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఎన్నిక మంచి ఉదాహరణ.

ప్రైమరీ అంటే ఏమిటి

భారతదేశంలో పార్టీల అభ్యర్థులను ఆయా పార్టీల నాయకత్వాలు నిర్ణయిస్తాయి. అమెరికాలో ఆ నిర్ణయాన్ని చాలావరకు ఓటర్లే చేస్తారు. అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో తేల్చే ఎన్నికే అధ్యక్ష ప్రైమరీ. ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క తేదీన దీనిని నిర్వహిస్తుంది. ఓట్లను బట్టి అభ్యర్థులకు ప్రతినిధులు లభిస్తారు. వేసవిలో జరిగే జాతీయ మహాసభలో మెజారిటీ ప్రతినిధుల మద్దతు ఉన్నవారు పార్టీ అభ్యర్థి అవుతారు.

టెక్సస్‌లో ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడు పార్టీ పేరు చెప్పవలసిన అవసరం లేదు. పోలింగు కేంద్రానికి వెళ్ళిన తరువాత ఏ పార్టీ ప్రైమరీలో ఓటు వేయదలచారో చెబితే చాలు. అయితే ఒక పార్టీ ప్రైమరీలో ఓటు వేసినవారు ఆ సంవత్సరం రెండవ పార్టీ ప్రైమరీలో గాని, దాని రెండవ విడత పోలింగులో గాని పాల్గొనరాదు. ఓటు ఎవరికి వేశారన్నది రహస్యం. ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది మాత్రం రహస్యం కాదు; అది ప్రభుత్వ రికార్డులలో నమోదవుతుంది. పార్టీలవారీ ఓటర్ల సంఖ్య ఏ రోజుకారోజు తెలియడానికి కారణం ఇదే. ప్రచారబృందాలు ఈ జాబితాలను చూసి, ఓటు వేసినవారిని వదలి మిగిలినవారి వద్దకు వెళ్తాయి.

ముందస్తు ఓటింగు

పోలింగు రోజున ఊరిలో ఉండనివారికి, అనారోగ్యంతో ఉన్నవారికి ముందుగా ఓటు వేసే వీలు చాలా రాష్ట్రాలలో పూర్వం నుండి ఉంది. అందుకు తగిన కారణం చూపవలసి వచ్చేది. ఏ కారణమూ చూపకుండా ఓటరు స్వయంగా వచ్చి ముందుగా ఓటు వేయవచ్చునని టెక్సస్ 1987లో చట్టం చేసింది. ఈ పద్ధతిని మొదట ప్రవేశపెట్టిన రాష్ట్రాలలో టెక్సస్ ఒకటి. తరువాతి కాలంలో సూపర్ మార్కెట్లలోను, దుకాణ సముదాయాలలోను కూడా కేంద్రాలు వెలిశాయి. పోలింగు రోజు మంగళవారం. అది సెలవు దినం కాదు. కనుక రోజుకూలీపై పనిచేసేవారికి, చిన్నపిల్లల తల్లులకు, దూరప్రాంతాలవారికి ఈ ఏర్పాటు ఎంతో ఉపయోగపడింది.

ఇది తపాలా ఓటుకు భిన్నమైనది. తపాలా ద్వారా ఓటు వేయడానికి టెక్సస్‌లో 65 ఏళ్ళు నిండి ఉండడం, అంగవైకల్యం, కౌంటీలో లేకపోవడం వంటి నిర్ణీత కారణాలలో ఏదో ఒకటి ఉండవలసినదే. కౌంటీ అనగా రాష్ట్రంలోని పరిపాలనా విభాగం. ఇంచుమించు మన జిల్లా వంటిది.

2008 నాటి నిబంధనల ప్రకారం ముందస్తు ఓటింగు పోలింగుకు 17 రోజుల ముందు మొదలై 4 రోజుల ముందు ముగియాలి. పదిహేడవ రోజైన ఫిబ్రవరి 16 శనివారం కావడం, 18వ తేదీ సోమవారం జాతీయ సెలవు దినం కావడం వలన ఓటింగు 19వ తేదీ మంగళవారం మొదలై 29వ తేదీ శుక్రవారం ముగిసింది.

ప్రైమరీలో ఓటుహక్కు: పూర్వ చరిత్ర

టెక్సస్‌లో ప్రైమరీ ఓటుకు విషాదభరితమైన చరిత్ర ఉంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆ రాష్ట్రంలో డెమొక్రటిక్ పార్టీదే ఏకచ్ఛత్రాధిపత్యం. ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవారే నవంబరులోనూ గెలిచేవారు. కాబట్టి ప్రైమరీలో ఓటు లేనివానికి నిజమైన ఓటు లేనట్లే. నల్లజాతివారు డెమొక్రటిక్ ప్రైమరీలో పాల్గొనరాదని టెక్సస్ 1923లో ఏకంగా చట్టమే చేసింది.

ఎల్ పాసో నగరానికి చెందిన వైద్యుడు లారెన్స్ నిక్సన్ ఈ నిషేధంపై న్యాయస్థానానికి వెళ్ళాడు. 1927లోను, 1932లోను సుప్రీం కోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అప్పుడు ప్రభుత్వం తప్పుకొని పార్టీయే స్వయంగా నిషేధ తీర్మానం చేసుకున్నది. పార్టీ ఒక ప్రైవేటు సంఘం కనుక అది చెల్లుతుందని 1935లో కోర్టు అభిప్రాయపడింది. చివరకు హ్యూస్టన్ నగరానికి చెందిన దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన వ్యాజ్యంలో 1944 ఏప్రిల్ 3న ఆ అభిప్రాయాన్ని కోర్టు తోసిపుచ్చింది. ప్రైమరీ కూడా ఎన్నికల ప్రక్రియలో అంతర్భాగమేననీ, అందులో జాతి ప్రాతిపదికపై ఓటు నిరాకరించడం రాజ్యాంగవిరుద్ధమనీ తేల్చింది. స్మిత్ తరఫున వాదించినవారిలో తరువాతి కాలంలో సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ ఒకడు.

ఓటు వేయడానికి చెల్లించవలసిన పోల్ టాక్స్ ఫెడరల్ ఎన్నికలలో 1964 నాటి 24వ రాజ్యాంగ సవరణతోను, టెక్సస్ రాష్ట్ర ఎన్నికలలో 1966లో కోర్టు తీర్పుతోను రద్దయింది. 1965 నాటి ఓటుహక్కుల చట్టం పరిధిని 1975లో విస్తరించి టెక్సస్‌ను కూడా అందులో చేర్చారు. ప్రైమరీ తలుపులు అందరికీ తెరుచుకోవడానికి ఇంత కాలం పట్టింది.

2008లో పరిస్థితి

ఫిబ్రవరి 5న ఒకేరోజున ఇరవైకి పైగా రాష్ట్రాలలో ఎన్నికలు జరిగినా డెమొక్రటిక్ పార్టీలో హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామాల మధ్య పోటీ తేలలేదు. ఆ తరువాత ఒబామా వరుసగా అనేక రాష్ట్రాలను గెలిచాడు. దానితో మార్చి 4న జరిగే టెక్సస్, ఒహాయో ప్రైమరీలు క్లింటన్‌కు జీవన్మరణ సమస్య అయినాయి. చాలా కాలం తరువాత టెక్సస్ డెమొక్రటిక్ ఓటరు మాటకు జాతీయ స్థాయిలో విలువ వచ్చింది. రిపబ్లికన్ పార్టీలో మాత్రం ఫిబ్రవరి 7న మిట్ రామ్నీ వైదొలగిన తరువాత మెకెయిన్ ఎంపిక దాదాపు ఖాయమైంది. మైక్ హకబీ, రాన్ పాల్ రంగంలో ఉన్నా ఫలితంపై ఉత్కంఠ లేదు.

రెండు పార్టీల ఓటర్ల సంఖ్యలలోని వ్యత్యాసానికి ప్రధాన కారణం ఇదే. ఒక ఇంట నువ్వా నేనా అన్న పోటీ. మరొక ఇంట ముగిసిపోయిన పందెం. పార్టీ నమోదు లేని రాష్ట్రం కనుక స్వతంత్రులు, కొందరు రిపబ్లికన్లు కూడా ఉత్కంఠ ఉన్న వైపే మొగ్గారు. పోలింగు అనంతర సర్వే ప్రకారం డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటు వేసినవారిలో సుమారు నాల్గవ వంతు తమను స్వతంత్రులుగాను, సుమారు 9 శాతం రిపబ్లికన్లుగాను చెప్పుకున్నారు.

ప్రెయిరీ వ్యూ విద్యార్థుల పాదయాత్ర

ముందస్తు ఓటింగు మొదటి రోజైన ఫిబ్రవరి 19న వాలర్ కౌంటీలో జరిగిన ఘటన దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 1876లో నల్లజాతి విద్యార్థుల కొరకు స్థాపించబడిన విద్యాసంస్థ. అక్కడి విద్యార్థులను స్థానిక ఓటర్లుగా గుర్తించడానికి కౌంటీ అధికారులు దశాబ్దాల పాటు అడ్డుపడ్డారు. విద్యార్థులకు తాము చదువుకునే చోట ఓటు హక్కు ఉందని ఈ కౌంటీ విషయంలోనే 1979లో సుప్రీం కోర్టు ఖాయపరచింది.

2008 ప్రైమరీకి కౌంటీ మొత్తానికి ముందస్తు ఓటింగు కేంద్రం ఒక్కటే, కౌంటీ ముఖ్యపట్టణమైన హెంప్‌స్టెడ్‌లో, ఏర్పాటు చేయ నిర్ణయించారు. అది విశ్వవిద్యాలయానికి సుమారు 7 మైళ్ళ దూరం. నిరసనలు వెల్లువెత్తి, ఫెడరల్ న్యాయశాఖ ప్రశ్నించిన తరువాత కౌంటీ మరికొన్ని తాత్కాలిక కేంద్రాలను చేర్చింది. అయినా వెయ్యికి పైగా విద్యార్థులు రహదారి వెంట హెంప్‌స్టెడ్ వరకు నడిచివెళ్ళి తమ నిరసనను తెలియజేశారు. ముందస్తు ఓటింగు ఎన్ని రోజులు ఉన్నదన్నది ఒక్కటే కాదు, కేంద్రం ఎక్కడ ఉన్నదన్నది కూడా ఓటుహక్కులో భాగమేనని ఈ పాదయాత్ర చాటింది.

ఫలితాలు

మార్చి నాటికి టెక్సస్‌లో నమోదైన ఓటర్లు సుమారు 1 కోటి 27 లక్షలు. వారిలో డెమొక్రటిక్ ప్రైమరీలో సుమారు 22.5 శాతం, రిపబ్లికన్ ప్రైమరీలో సుమారు 10.7 శాతం పాల్గొన్నారు. అనగా ముగ్గురిలో ఒకరు ఓటు వేశారు.

డెమొక్రటిక్ ప్రైమరీలో క్లింటన్‌కు 14,62,734 ఓట్లు (50.9 శాతం), ఒబామాకు 13,62,476 ఓట్లు (47.4 శాతం) లభించాయి. ఓడిన ఒబామాకు వచ్చిన ఓట్లే రిపబ్లికన్ ప్రైమరీ మొత్తం ఓట్లతో ఇంచుమించు సమానం కావడం విశేషం. 2004 నవంబరులో డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీకి టెక్సస్‌లో వచ్చిన ఓట్లు సుమారు 28.33 లక్షలు. అంటే ఈ ప్రైమరీలో ఓటు వేసినవారి సంఖ్య అంతకు ముందరి సార్వత్రిక ఎన్నికలో ఆ పార్టీకి లభించిన ఓట్లను మించింది.

లాటినో ఓటర్లలో సుమారు మూడింట రెండు వంతులు క్లింటన్ వైపు, నల్లజాతి ఓటర్లలో అయిదింట నాలుగు వంతులకు పైగా ఒబామా వైపు నిలిచారని పోలింగు అనంతర సర్వేలు తెలిపాయి. రిపబ్లికన్ ప్రైమరీలో మెకెయిన్ సుమారు 51 శాతం ఓట్లతో గెలిచి, ఆ రాత్రే నామినేషనుకు కావలసిన 1,191 ప్రతినిధుల సంఖ్యను దాటాడు. హకబీ పోటీ నుండి తప్పుకున్నాడు.

ఓట్లు, ప్రతినిధులు

లక్ష ఓట్ల ఆధిక్యంతో గెలిచిన క్లింటన్‌కు ప్రతినిధులు మాత్రం ఒబామా కంటె తక్కువ వచ్చారు. ఇందుకు రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, పంపిణీ విధానం. ప్రైమరీ ఓట్లను బట్టి ఇవ్వవలసిన 126 మంది ప్రతినిధులను రాష్ట్ర సెనేటుకు చెందిన 31 నియోజకవర్గాలకు పంచారు. ఈ పంపకం జనాభాను బట్టి కాక, 2004, 2006 ఎన్నికలలో ఆయా నియోజకవర్గాలలో డెమొక్రటిక్ పార్టీకి వచ్చిన ఓట్లను బట్టి జరిగింది. ఒబామాకు పట్టున్న ఆస్టిన్ నియోజకవర్గానికి 8 మంది, హ్యూస్టన్ నగరంలోని ఒక నియోజకవర్గానికి 7గురు ప్రతినిధులు దక్కగా, క్లింటన్‌కు పట్టున్న దక్షిణ సరిహద్దులోని లాటినో నియోజకవర్గాలకు ముగ్గురో నలుగురో మాత్రమే దక్కారు. నిన్న ఓటు వేయనివారి బరువు నేడు తగ్గిందన్నమాట. పైగా నలుగురు ప్రతినిధులున్న చోట 60 శాతం ఓట్లు వచ్చినా చెరి ఇద్దరు చొప్పున సమానంగా పంచవలసినదే, 62.5 శాతం దాటితే గాని మూడవ ప్రతినిధి రాడు.

రెండవది, కాకస్ అనబడే సమావేశాలు. పోలింగు ముగిసిన తరువాత అదే సాయంత్రం ఓటర్లు తమ పోలింగు కేంద్రాలకు తిరిగి వచ్చి తాము ఏ అభ్యర్థి పక్షమో సంతకం చేసి తెలుపవలెను. మరో 67 మంది ప్రతినిధులు ఈ మార్గంలో ఎంపికయ్యారు. ఓటు వేసి మళ్ళీ రావలసి ఉన్నందున దీనికి రెండడుగుల నృత్యమని పేరు వచ్చింది. రాత్రిపూట గంటల తరబడి నిలువగల యువకులు, శిక్షణ పొందిన కార్యకర్తలు ఉన్న ఒబామా పక్షానికి ఇది కలిసివచ్చింది.

- ప్రైమరీ ద్వారా: క్లింటన్ 65, ఒబామా 61
- కాకస్ ద్వారా: క్లింటన్ 29, ఒబామా 38
- మొత్తం: క్లింటన్ 94, ఒబామా 99

వీరు కాక ఎన్నిక లేకుండానే ఓటు హక్కు గల 35 మంది పార్టీ ప్రముఖులు ఉన్నారు. వీరిని సూపర్ డెలిగేట్లు అంటారు. ముందస్తు ఓటు వేసినవారు కూడా మార్చి 4 సాయంత్రం కాకస్‌కు రావచ్చును గాని, ముందుగా ఓటు వేయడమే ఆ రోజు రాలేనందున అయినవారికి ఈ రెండవ అవకాశం అందలేదు. 2016 ఎన్నికల నాటికి టెక్సస్ డెమొక్రటిక్ పార్టీ ఈ పద్ధతిని విడిచిపెట్టి, ప్రైమరీ ఓట్లనే ఆధారంగా తీసుకుంది.

ప్రైమరీ ఓట్లు, నవంబరు ఫలితం

2008 నవంబరులో టెక్సస్‌లో మెకెయిన్‌కు సుమారు 55 శాతం, ఒబామాకు సుమారు 44 శాతం ఓట్లు లభించాయి. దేశవ్యాప్తంగా గెలిచి అధ్యక్షుడైన ఒబామా టెక్సస్‌లో మాత్రం ఓడిపోయాడు. ఇతర సంవత్సరాల లెక్కలను పరిశీలించినా ఇదే పాఠం కనిపిస్తుంది. టెక్సస్ ప్రైమరీలలో ఓటు వేసినవారి సంఖ్య సుమారుగా ఈ క్రింది విధంగా ఉంది (లక్షలలో):

- 2000: డెమొక్రటిక్ 7.9, రిపబ్లికన్ 11.3
- 2004: డెమొక్రటిక్ 8.4, రిపబ్లికన్ 6.9
- 2008: డెమొక్రటిక్ 28.7, రిపబ్లికన్ 13.6
- 2012: డెమొక్రటిక్ 5.9, రిపబ్లికన్ 14.5
- 2016: డెమొక్రటిక్ 14.4, రిపబ్లికన్ 28.4
- 2020: డెమొక్రటిక్ 20.9, రిపబ్లికన్ 20.2
- 2024: డెమొక్రటిక్ 9.8, రిపబ్లికన్ 23.2

ఈ ఏడు సంవత్సరాలలోను నవంబరులో టెక్సస్ రిపబ్లికన్ అభ్యర్థికే దక్కింది. 2004, 2008, 2020 ప్రైమరీలలో డెమొక్రటిక్ ఓటర్లే అధికంగా వచ్చినా ఫలితం మారలేదు. సంఖ్యలు పెరిగినదీ తగ్గినదీ ప్రధానంగా ఆ సంవత్సరం ఏ పార్టీలో గట్టి పోటీ ఉన్నదన్న దానిని బట్టియే. 2004లో జార్జి బుష్‌కు, 2012లో ఒబామాకు స్వపక్షంలో పోటీ లేదు. వారి పార్టీల ఓటర్లు చాలామంది ఇంటివద్దనే ఉండిపోయారు.

అయితే ప్రైమరీ ఓటర్ల సంఖ్యకు అసలు విలువ లేదనడం కూడా సరికాదు. ప్రైమరీలో ఓటు వేసినవారి పేర్లు పార్టీకి అందుబాటులోకి వస్తాయి. నవంబరులో తలుపు తట్టవలసిన ఇళ్ళేవో తెలుస్తాయి. 2008 నవంబరులో హ్యూస్టన్ నగరం ఉన్న హ్యారిస్ కౌంటీలో ఒబామా స్వల్ప ఆధిక్యం సాధించగా, అక్కడి న్యాయమూర్తుల పదవులలో అత్యధికం డెమొక్రటిక్ పార్టీ వశమైనాయి.

ముందస్తు ఓటింగు: లాభనష్టాలు

ముందుగా ఓటు వేసినవారు ఆ తరువాత జరిగే పరిణామాలను లెక్కలోకి తీసుకోలేరు. 2008లో క్లింటన్, ఒబామాల వాదప్రతివాదం ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఫిబ్రవరి 21న జరిగింది. అప్పటికి ఓటింగు మూడు రోజులుగా సాగుతున్నది. తెల్లవారుజామున 3 గంటలకు అధ్యక్ష భవనంలో ఫోను మోగితే ఎవరు ఎత్తాలన్న క్లింటన్ వర్గం ప్రకటన సరిగ్గా ముందస్తు ఓటింగు చివరి రోజున వెలువడింది.

2020లో ఈ లోపం మరింత స్పష్టమైంది. ఆ సంవత్సరం ముందస్తు ఓటింగు ఫిబ్రవరి 28న ముగిసింది. మరునాడు దక్షిణ కరోలినాలో జో బైడెన్ ఘనవిజయం సాధించాడు. మార్చి 1న పీట్ బుటిజెజ్, మార్చి 2న ఏమీ క్లోబుషార్ పోటీ నుండి వైదొలిగారు. టెక్సస్‌లో వారికి అప్పటికే పడిన ఓట్లను మార్చుకునే మార్గం లేకపోయింది. మార్చి 3న మొదట వెల్లడైన ముందస్తు ఓట్లలో బెర్నీ శాండర్స్ ముందంజలో ఉన్నా, పోలింగు రోజు ఓట్లు కలిసిన తరువాత బైడెన్ గెలిచాడు.

అదే రోజున హ్యూస్టన్‌లోని టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయం కేంద్రంలో ఓటర్లు అర్ధరాత్రి దాటేవరకు వరుసలో నిలబడవలసి వచ్చింది. రెండు పార్టీలకు ఓటింగు యంత్రాలను సమానంగా కేటాయించగా, అక్కడికి వచ్చినవారిలో డెమొక్రటిక్ ఓటర్లే అత్యధికులు. పార్టీలవారీ ఓటర్ల సంఖ్యను సరిగా అంచనా వేయకపోతే ఓటరు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో దీనివలన తెలుస్తుంది.

ముందస్తు ఓటింగు నిబంధనలు కూడా మారుతూ వచ్చాయి. ఎన్నికల నిబంధనలు మార్చడానికి కొన్ని రాష్ట్రాలు ముందుగా ఫెడరల్ అనుమతి పొందవలెనన్న ఏర్పాటు 2013లో సుప్రీం కోర్టు తీర్పుతో నిలిచిపోయింది. వాటిలో టెక్సస్ కూడా ఒకటి. కొద్ది రోజుల పాటు మాత్రమే నడిచే సంచార కేంద్రాలకు 2019లో చేసిన చట్టం స్వస్తి పలికింది. ఇటువంటి కేంద్రాలు కళాశాలలకు ఎక్కువగా ఉపయోగపడేవి. రాత్రంతా తెరచి ఉండే కేంద్రాలను, వాహనంలో కూర్చొనే ఓటు వేసే పద్ధతిని 2021 చట్టం నిషేధించింది.

తెలుగువారు

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల పరిసరాలలో తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. ఉద్యోగ వీసాపైన గాని, గ్రీన్ కార్డుపైన గాని ఉన్నవారికి ఈ ఎన్నికలలో ఓటు లేదు. అమెరికా పౌరసత్వం పొందినవారు, అక్కడే పుట్టి 18 ఏళ్ళు నిండినవారు మాత్రమే ఓటర్లుగా నమోదు కావచ్చును. ఓటరుగా నమోదైనవారు పార్టీ సభ్యత్వం లేకపోయినా తమకు నచ్చిన పార్టీ ప్రైమరీలో పాల్గొనవచ్చును.